చింతచెట్టు మీద ఇంపాలా: లువాంగ్వా లోయలో ఆరు రోజులు

మొదటి రోజు

లుసాకాలో ఎక్కిన చిన్న విమానం మ్ఫువేలో దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. సెప్టెంబరు నెల కావడంతో, జాంబియాలో వానలు మొదలవడానికి ఇంకా రెండు నెలలు ఉండటంతో, కిటికీలోంచి చూసినంతమేరా నేల మా రాయలసీమ వేసవిలాగే ఎండి గోధుమరంగుకు తిరిగి ఉంది. దాని నడుమ లువాంగ్వా నది మాత్రం మెలికలు తిరుగుతూ, పాత మెలికలను తెంచుకుని, వాటిని పక్కన అర్ధచంద్రాకారపు మడుగులుగా వదిలేసి సాగుతోంది. ఈ మడుగుల దగ్గరే జింకలు చేరతాయని, జింకలు చేరిన చోటే చిరుతలు కాపు కాస్తాయని తెలిసింది తర్వాతే. అప్పటికి నాకు అవి ఎండిన చెరువుల్లా కనిపించాయి.

నన్ను తీసుకొచ్చింది మా మేనత్త కొడుకు. ఉద్యోగరీత్యా లుసాకాలో పదేళ్ళకు పైగా ఉంటున్నాడు, ఈ దక్షిణ లువాంగ్వా జాతీయ పార్కుకు రావడం ఇది నాలుగోసారి. "ఆరు రోజుల్లో వేట చూస్తానని మాత్రం ఆశ పెట్టుకోవద్దురా, చిరుత కనబడితే చాలనుకో" అని విమానంలో మూడుసార్లు అన్నాడు. "అయితే ఇంత దూరం ఎందుకు పిలిచావు బావా?" అంటే నవ్వి ఊరుకున్నాడు.

తెలుగు పత్రికల్లో చీతాను కూడా చిరుత అనే రాసేస్తుంటారు కాబట్టి ముందే ఒక మాట చెప్పాలి. నేను చూడబోయినది సన్నని నడుముతో మైదానంలో పరుగెత్తే చీతాను కాదు. దక్షిణ లువాంగ్వాలో చీతాలు లేవు. మా శేషాచలం కొండల్లో తిరిగే చిరుతపులి ఏ జాతిదో ఇదీ ఆ జాతిదే, పాంథెరా పార్డస్, ఉపజాతి మాత్రమే వేరు. నేను తిరుపతివాణ్ణి. 2023లో అలిపిరి నడకదారిలో ఒక పసిపాప ప్రాణం పోయాక, దేవస్థానం యాత్రికుల చేతికి కర్రలిచ్చి మెట్లెక్కించిన రోజులు మా ఊళ్ళో ఎవరూ మరచిపోలేదు. మాకు చిరుత అంటే భయంతో తలచుకునే పేరు, లేదంటే బోను పక్కన అటవీ సిబ్బంది నిలబడి దిగిన ఫోటో. అది తన తిండి తాను తెచ్చుకుని తింటూండగా చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. నేను వచ్చింది అది చూడటానికే.

విమానాశ్రయం నుంచి పార్కు వంతెన దాకా అరగంట పైన పట్టింది. దారి పొడవునా మామిడిచెట్లు, మొక్కజొన్న కోసేసిన చేలు, సైకిళ్ళ మీద బొగ్గుబస్తాలు. 1938లో రక్షిత ప్రాంతమై, 1972లో జాతీయ పార్కుగా మారిన ఈ అడవి వైశాల్యం 9,050 చదరపు కిలోమీటర్లు. చుట్టూ కంచె లేదు. మా విడిది నదికి ఇవతలి గట్టున ఉంది. ఏనుగులు రాత్రుళ్ళు నది దాటి వచ్చి గుడిసెల మధ్యనుంచే నడిచిపోతాయి కనుక చీకటి పడ్డాక కాపలాదారు తోడు లేకుండా గది దాటవద్దని చెప్పారు. రాత్రి భోజనంలో న్షిమా పెట్టారు. మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద. చేత్తో తుంచి కూరలో అద్దుకుని తినాలి. మా అమ్మ చూస్తే సంకటే కదా, రంగే తెలుపు అని ఉండేది.

రెండో రోజు

ఉదయం ఆరుకల్లా కాలినడకన బయలుదేరాం. అడవిలో నడిపించి చూపించే పద్ధతికి ఈ లోయే పుట్టిల్లంటారు. నార్మన్ కార్ అనే అధికారి ఇక్కడి న్సెఫు అనే తెగ పెద్దతో మాట్లాడి, జంతువులను చంపడానికి కాక చూడటానికి వచ్చేవాళ్ళకోసం విడిది కట్టించి, వచ్చిన సొమ్ములో ఆ ఊళ్ళవాళ్ళకు వాటా దక్కేలా చేశాడు. నడక యాత్రలు ఆయన మొదలుపెట్టినవే. ముందు తుపాకీ పట్టిన స్కౌటు, అతని వెనక గైడు, ఆ వెనక మేమిద్దరం, చివర టీ ఫ్లాస్కు మోసే కుర్రవాడు, అందరూ ఒకే వరుస. మాట్లాడకూడదు. నల్లబట్టలూ నీలంబట్టలూ వేసుకోవద్దని ముందురోజే చెప్పారు. ఆ రంగులకు సెట్సీ అనే కుట్టే ఈగలు వచ్చి వాలతాయి. బావ నీలం జీన్స్ వేసుకొచ్చి నడక అయిపోయేదాకా మోకాళ్ళు చరుచుకుంటూనే ఉన్నాడు.

మడుగు ఒడ్డున ఆరిన బురదలో గైడు ఆగి కర్రతో ఒక అడుగుజాడ చుట్టూ గీత గీశాడు. అరచేతికంటే చిన్నది, నాలుగు వేళ్ళు, వెనక మెత్త మూడు పాయలుగా విడి ఉంది, గోళ్ళ గుర్తు ఎక్కడా లేదు. దాని పక్కనే కొంచెం పెద్దది ఇంకొకటి ఉంది, ప్రతి వేలికి ముందు గోటి చుక్కతో. మొదటిది చిరుతది, రెండోది దుమ్ములగొండిది. చిరుత నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది, దుమ్ములగొండికి ఆ వీలు లేదు. నాకు అంతకంటే ఆశ్చర్యం కలిగించినది ఆ రెండు జాడల వరుస. చిరుత ఎటు తిరిగితే దుమ్ములగొండి అటే తిరిగింది, చిరుత ఆగి కూర్చున్న చోట అదీ ఆగింది. "సొంతంగా వేటాడలేక కాదు" అన్నాడు గైడు ఇంగ్లిషులో, గొంతు బాగా తగ్గించి, "ఇది తేలిక కాబట్టి. చిరుత కష్టపడుతుంది, ఇది వెనకనుంచి వచ్చి లాక్కుంటుంది." చిరుతను వాళ్ళ న్యాంజా భాషలో న్యలుగ్వే అంటారట. ఆ మాట పలికేటప్పుడు అతని గొంతులో మమకారం తెలుస్తూనే ఉంది.

మన దగ్గర ఉండేది చారల దుమ్ములగొండి, ఒంటరిది. ఇక్కడిది మచ్చల జాతి. గుంపుగా బతుకుతుంది, తోడు పిలుస్తుంది, ఎముకలు కూడా కొరికి పిండి చేసుకుని తింటుంది. దారిలో దాని పెంట సున్నపు ముద్దలా తెల్లగా ఎండి కనిపించింది, ఎముకల సున్నమే అది. చిరుత పెంటలో మాత్రం ఇంపాలా అనే జింక వెంట్రుకలు తాడులా పెనవేసుకుని ఉన్నాయి.

వినవలసినవేవో గైడు టీ తాగేచోట నేర్పించాడు. చిరుతను చూస్తే ఇంపాలా ముక్కుతో బుస్సుమని గట్టిగా చీదుతుంది. పుకు అని ఇక్కడి జింక ఒకటి ఉంది, నదీతీరపు పచ్చికను వదిలిపోదు, అది ఈల వేస్తుంది. బబూన్ కోతులు కుక్కల్లా మొరుగుతాయి, గినీకోళ్ళు రేకుడబ్బా గీకినట్టు అరుస్తాయి. వీటిలో పుకు ఈలను గట్టిగా నమ్మవచ్చట, ఎందుకంటే అది సింహమో చిరుతో కళ్ళబడితే తప్ప ఊరికే వేయదు. బబూన్లను మాత్రం నమ్మకూడదు. వాటిలో అవి పోట్లాడుకున్నా మొరుగుతాయి.

సాయంత్రం జీపులో తిరిగాం. నీటిగుర్రాలు లెక్కలేనన్ని, ఎర్రటి పాలపిట్టల్లాంటి కార్మైన్ బీఈటర్లు నది గట్టులో బొరియలు తవ్వుతూ వందల సంఖ్యలో, మెడ వంచి నీళ్ళు తాగలేక కాళ్ళు చాపుకున్న జిరాఫీ ఒకటి. చిరుత కనబడలేదు.

మూడో రోజు

దక్షిణ లువాంగ్వా పేరు అంత వినబడటానికి ఒక కారణం ఇక్కడ చీకటి పడ్డాక కూడా రెండు గంటలు పార్కులో ఉండనివ్వడం. ఆఫ్రికాలో చాలా జాతీయ పార్కుల్లో సూర్యాస్తమయానికి గేటు మూసేస్తారు. చిరుత తన పని మొదలుపెట్టేది సరిగ్గా ఆ వేళకే. ఇక్కడ జీపులో గైడు పక్కన లైటు పట్టే మనిషి ఒకడు కూర్చుని, పొలానికి నీళ్ళు మళ్ళించినంత నింపాదిగా, ఆ వెలుగును ఎడమకూ కుడికీ తిప్పుతూ ఉంటాడు. కంటిలోపల అద్దంలాంటి పొర ఉన్న జంతువుల కళ్ళు ఆ వెలుగుకు తిరిగి మెరుస్తాయి.

ఆరున్నర దాటాక, పాత మడుగు ఒకటి మలుపు తిరిగే చోట, రెండు కళ్ళు ఒకసారి మెరిసి ఆరిపోయాయి. గైడు ఇంజను ఆపేశాడు. ఆడ చిరుత. ఎడమచెవి కొసన చిన్న చీలిక ఉంది. జీపు వైపు ఒకసారి చూసి, రోడ్డుమీది ఎద్దుబండిని చూసినట్టే చూసి, తల తిప్పేసుకుంది. దానికి ఎదురుగా, ఒక అరవై గజాల అవతల, సాసేజ్ చెట్టు కింద ఇంపాలాలు పదిపదిహేను మేస్తున్నాయి. దోసకాయంత మొదలుకుని మూరెడు దాకా బరువైన కాయలు తాళ్ళకు కట్టినట్టు వేలాడే చెట్టు అది. దాని ముదురు మెరూన్ పూలు రాత్రిపూట విచ్చుకుని రాలిపోతాయి, పచ్చిక ఎండిపోయిన ఈ నెలల్లో ఇంపాలాకూ పుకుకూ ఆ పూలే పండగ. ఆ సంగతి చిరుతకూ తెలుసు.

గైడు చేయి ఎత్తగానే లైటు పట్టినతను దాన్ని నేలకు దించి ఆర్పేశాడు. జింకల మీద ఎప్పుడూ లైటు వేయకూడదట. వాటి కళ్ళు చెదిరి కాసేపు ఏమీ కనిపించదు, ఆ కాసేపట్లో చిరుత పని సులువైపోతుంది. చిరుత మీద వేస్తే జింకలకు దాని జాడ చెప్పినట్టవుతుంది. ఎటు వేసినా మనం ఒక పక్షం చేరినట్టే. కాబట్టి చీకట్లో కూర్చున్నాం. అమావాస్య దగ్గరపడిన రోజులు. నక్షత్రాల వెలుగులో మొదట ఏమీ కనబడలేదు, పది నిమిషాలయ్యాక నేలకు కొంచెం పైన ఒక ముదురు గీత కదులుతోందని తెలిసింది.

అప్పటిదాకా వేట అంటే దూకడం అని నా మనసులో ఉండేది. నేను చూసిన నలభై నిమిషాల్లో దూకడమన్నదే లేదు. పొట్ట నేలకు ఆనించి, భుజాల ఎముకలు వెన్నుకంటే పైకి లేచి ఒకదాని తర్వాత ఒకటి దిగుతుంటే, అది జింకల తలలు కిందికి ఉన్నంతసేపే కదిలింది. ఒక్క తల పైకి లేచినా ఉన్నచోట ఉన్నట్టే, ఒక్కోసారి ముందరికాలు గాల్లో ఎత్తి ఉండగానే, ఆగిపోయింది. ముందరికాలు పెట్టిన చోటే వెనకకాలు పెట్టడం వల్ల ఎండుటాకు నలిగే అవకాశం సగానికి సగం తగ్గుతుందని గైడు తర్వాత చెప్పాడు. గంటకు యాభై ఎనిమిది కిలోమీటర్ల వేగం అందుకోగల జంతువే అయినా చిరుత ఆ పరుగును ఎక్కువ దూరం తీయలేదు. అయిదు పది మీటర్ల దాకా కనబడకుండా చేరగలిగితేనే దానికి తిండి. చేరలేకపోతే లేచి వెళ్ళిపోతుంది. చాలా రాత్రులు జరిగేది ఆ లేచి వెళ్ళిపోవడమే.

అది ఇరవై గజాల దూరానికి వచ్చి ఉంటుంది. అప్పుడు మడుగు అవతలి గట్టునుంచి ఎవరిదో జీపు వచ్చింది. వాళ్ళకు మేం చీకట్లో ఎందుకు కూర్చున్నామో తెలియలేదో, తెలిసినా ఫోటో కావాలనుకున్నారో, పెద్ద లైటు ఇంపాలాల మీదుగా తిప్పి, తిన్నగా చిరుత వీపు మీద నిలిపారు. బుస్సుమని ఒక ఇంపాలా చీదింది, వెంటనే మిగతావన్నీ చీదాయి. పారిపోలేదు, అదే చిత్రం. అన్నీ దాని వైపే తిరిగి, రెండడుగులు ముందుకు కూడా వేసి, చీదుతూ నిలబడ్డాయి. కనబడిన చిరుతవల్ల భయం లేదని వాటికి తెలుసు. చిరుతకూ తెలుసు. అది మెల్లగా లేచి నిలబడి, తోకను పైకి వంచి, ఆ తోక అడుగున ఉన్న తెల్లదనం అందరికీ కనబడేలా, ఇక నాకిక్కడ పని లేదని చెప్పినట్టు, ఇంపాలాల పక్కనుంచే నడిచిపోయింది.

మా గైడు ఆ జీపు వాళ్ళతో ఏమీ అనలేదు. తిరుగుదారిలో బావ ఆగలేక, "వాళ్ళు లైటు వేయకపోతే దొరికేది కదా?" అని అడిగాడు. "దొరికేదేమో, దొరక్కపోయేదేమో. అది దానికీ జింకకూ తేలాల్సిన విషయం" అన్నాడతను. కోపం మాత్రం గేరు మార్చిన తీరులో కనిపించింది.

నాలుగో రోజు

పొద్దున్నే మళ్ళీ అదే మడుగు దగ్గరకు వెళ్ళాం. దారి దుమ్ములో ఒక చోట గైడు జీపు ఆపి కిందికి వంగి చూశాడు. బస్తా ఈడ్చుకుపోయినట్టు ఒక వెడల్పాటి చార. దానికి అటొకటి ఇటొకటిగా చిరుత అడుగులు. అంటే ఈడ్చేది దాన్ని కాళ్ళ మధ్య వేసుకుని, మెడ ఎత్తిపట్టి, రోడ్డు అడ్డంగా దాటించింది. చార మొదలైన చోట, సాసేజ్ చెట్టుకు కొంచెం ఇవతల, నేల గీరినట్టుంది, ఎర్రటి వెంట్రుకల కుచ్చులు గాలికి కదులుతున్నాయి. మేం వెళ్ళిపోయాక, గేట్లు మూసేశాక, ఎవరి లైటూ లేని వేళ, పని జరిగిపోయింది.

చార వెంట కళ్ళు పోనిస్తే పుట్టమీద మొలిచిన పెద్ద చెట్టు దగ్గర ఆగింది. ఆ చెట్టును గైడు చూపించకముందే నేను గుర్తుపట్టాను. చింతచెట్టు! ఆకు అదే, మొదలు అదే, పొట్టు రాలిన కాయలు అవే. శాస్త్రనామంలో ఇండికా అని ఉన్నా చింత అసలు పుట్టింది ఆఫ్రికాలోనే. మనకు వచ్చింది ఇక్కడినుంచి. మా ఊళ్ళో చింతచెట్టు మీద దయ్యాలుంటాయని పిల్లలను భయపెడతారు. ఈ చింతచెట్టు మీద, నేలకు రెండు నిలువుల ఎత్తున, పంగలో ఒక ఇంపాలా మెడ వేలాడేసుకుని ఉంది, దాని మీది కొమ్మ మీద నిన్నటి చెవిచీలిక చిరుత నాలుగు కాళ్ళూ అటూ ఇటూ జారవిడిచి నిద్రపోతోంది.

చచ్చిన ఇంపాలా ఆడది, నలభై కిలోల పైన ఉంటుందని గైడు అంచనా. చంపినది కూడా దాదాపు అంతే బరువు. నిలువుగా ఉన్న మానుమీదికి తనంత బరువును నోట కరచుకుని ఎక్కించడమన్నది తలచుకుంటేనే నాకు పళ్ళు నొప్పెట్టాయి. మాను మీద ఆ కథంతా రాసి ఉంది: కింద లోతుగా దిగి జారిన గోళ్ళ గాట్లు, అక్కడ ఒకసారి ఓడిపోయి దిగింది, ఆ పక్కనే మళ్ళీ పైదాకా పోయిన గాట్లు. ఎక్కించేముందు బరువు తగ్గించుకుంది కూడా. చెట్టుకు కాస్త ఎడంగా దుమ్మూ ఎండుగడ్డీ గీరి కప్పిన చిన్న కుప్ప ఉంది. అది ఇంపాలా కడుపుసంచి, పేగులు. సగం అరిగిన మేత నిండిన ఆ సంచిని చిరుత తినదు. పీకి పక్కన పడేసి, వాసన బయటికి రాకుండా మట్టి కప్పుతుంది. నాలుగు రోజుల ప్రయాణంలో నా మనసుకు బాగా పట్టినది ఆ కుప్ప. గొంతు పట్టుకుని ఊపిరి ఆడకుండా బిగించి చంపిన జంతువు, ఆ ఆయాసం తీరకముందే, పారేయవలసినది పారేసి, కప్పవలసినది కప్పి, మిగిలినదాన్ని అటకెక్కించింది.

పగలంతా అక్కడే ఉంటే అది నిద్రపోవడమే చూస్తామని గైడు చెప్పాడు. సాయంత్రం నాలుగున్నరకు తిరిగివచ్చాం. అయిదింటికి అది లేచి ఒళ్ళు విరుచుకుని, చెట్టు దిగి, పొదల వైపు చూసి గొంతులోంచి చిన్నగా గురగుర అంది. పొదలోంచి పిల్ల ఒకటి వచ్చింది. ఏడెనిమిది నెలలది. అంతవరకూ, ఉదయం మేం పక్కనే గంటసేపు ఉన్నా, తల్లి పిలవనందుకు కదలకుండా దాక్కుందంటే నమ్మలేకపోయాం.

ఇద్దరూ ఎక్కారు. తినడం మొదలుపెట్టేముందు తల్లి చాలాసేపు వెంట్రుకలు పీకింది. ముందరి చిన్న పళ్ళతో తొడమీది బొచ్చును పట్టి లాగడం, తల విదిలించి ఉమ్మడం, నాలుకకు అంటుకున్నది వదలక మళ్ళీ విదిలించడం. కోడి ఈకలు పీకే ఓపికతో చేసింది. పీకిన బొచ్చు సాయంత్రపు ఎండలో చింతాకుల మధ్యనుంచి మెల్లగా దిగుతూ మా జీపు మీద కూడా పడింది. బావ టోపీ మీద ఒక కుచ్చు నిలిచింది. తర్వాత తొడ లోపలివైపు మెత్తని చోట తెరిచింది. ముందుపళ్ళతో కొరికి, ఆ పైన తల పక్కకు వాల్చి, దవడ వెనకనున్న కత్తెరపళ్ళతో కోసింది. కోసేటప్పుడు కన్ను ఆ వైపుది మూసుకుంటుంది. చప్పుడు మేం కూర్చున్న పదిహేను గజాల దాకా వినిపించింది, తడిగుడ్డ చింపుతున్నట్టు, మధ్యమధ్య చిన్న ఎముక పుటుక్కుమన్నట్టు. నాలుక మీది ముళ్ళతో ఎముకను గీరితే ఆకురాయి పెట్టినట్టు వినబడింది.

పిల్ల వంతు రావడానికి అరగంట పట్టింది. దగ్గరికి రాబోతే తల్లి పళ్ళు చూపించి బుసకొట్టింది. కడుపు నిండాక తనంతట తాను పక్క కొమ్మకు జరిగింది. పిల్ల మొదట తినలేదు. ఇంపాలా గొంతు పట్టుకుని, అప్పటికే చచ్చి పద్దెనిమిది గంటలైన దాన్ని చంపడం మొదలుపెట్టింది. ముందరికాళ్ళతో మెడ వాటేసుకుని బిగించి, వదిలి, మళ్ళీ బిగించి, ఆ తొందరలో రెండుసార్లు కొమ్మ జారింది. బావ నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు మాత్రం అది బడిలో పలక పట్టుకున్నట్టు అనిపించింది. తల్లి పొట్ట గుండ్రంగా ఉబ్బి, నోరు తెరుచుకుని, కుక్కలా వేగంగా రొప్పుతోంది. నిండా తిన్నాక అలాగే రొప్పుతాయట.

చీకటి పడబోతుండగా కింద గడ్డి కదిలింది. దుమ్ములగొండి. ఒకటే వచ్చి, చింత మొదలు వాసన చూసి, గాట్లు నాకి, పైకి చూసింది. రక్తం బొట్టు పడ్డ మట్టిని తిన్నది. ఆ మట్టి కప్పిన కుప్పను నిమిషంలో తవ్వి, చిరుత వద్దనుకున్నదంతా మింగేసింది. ఆ తర్వాత చెట్టు కింద కూర్చుంది, బస్సుకోసం కూర్చున్నట్టు. పైన చిరుత ఒకసారి చూసి పాదం నాక్కోవడంలో పడింది.

మా శేషాచలంలో సింహాలు లేవు, గుంపు కట్టే దుమ్ములగొండులూ లేవు; అక్కడి చిరుత తన తిండిని పొదలోకో రాతి చాటుకో ఈడ్చుకుంటే సరిపోతుంది. ఇక్కడ నేలమీద పెట్టినది దక్కదు. చెట్టెక్కడం దానికి సరదా కాదు, పక్కింటివాళ్ళవల్ల వచ్చిన తిప్పలు.

ఐదో రోజు

ఉదయం చిరుత అక్కడే ఉంది. రెండు తొడలూ, పక్కటెముకల ఒక వైపూ అయిపోయాయి. పైనుంచి గద్దలూ రాబందులూ చూడకుండా చింతాకు గొడుగు పట్టింది కాబట్టి ఆకాశంనుంచి ఇబ్బంది లేదు. ఆకు రాలిన మొపానే చెట్టు మీద పెట్టి ఉంటే ఈపాటికి రాబందులు దిగేవని, వాటిని చూసి సింహాలు వచ్చేవని గైడు అన్నాడు. సింహానికైతే చెట్టు కూడా పెద్ద అడ్డు కాదు. పంగ తక్కువ ఎత్తులో ఉంటే అదీ ఎక్కి లాగుతుంది. వీటన్నిటికంటే మగ చిరుతతో చిక్కు ఎక్కువ, ఎందుకంటే అది ఏ కొమ్మకైనా ఎక్కగలదు, ఆడదానికంటే ఇరవై కిలోలు ఎక్కువ తూగుతుంది.

నది ఒడ్డున టీ తాగుతూ గైడు చెప్పిన లెక్క ఒకటి ఇక్కడ రాయాలి. దక్షిణాఫ్రికాలో క్రూగర్ జాతీయ పార్కు పక్కనున్న సాబీ శాండ్ అడవిలో చిరుతలు చంపిన రెండువేలకు పైగా జంతువుల సంగతి ఏళ్ళతరబడి నమోదు చేసి, 2017లో ప్రచురించారు. వాటిలో చెట్టెక్కించినవి దాదాపు సగం. ఇతర మాంసాహారుల పాలైనవి దాదాపు అయిదింట ఒకటి. ఒక నెలలో తెచ్చుకున్న అయిదు బస్తాల బియ్యంలో ఒకటి ఎవరో ఎత్తుకుపోతే ఇల్లు ఎలా గడుస్తుందో, పిల్లలున్న ఆడ చిరుతకు అలా గడుస్తుంది. పురుగులూ ఎలుకలూ మొదలుకొని పెద్ద జింకల దాకా తొంభైకి పైగా రకాల జంతువులను ఆఫ్రికా చిరుతలు తింటాయని తేలడం వెనక ఈ నష్టం కూడా ఉందని నా అనుమానం; దొరికినదేదైనా తినకపోతే కుదరదు.

సాయంత్రం మేం వెళ్ళేసరికి చెట్టు కింద దుమ్ములగొండులు మూడయ్యాయి, జీపులు కూడా నాలుగయ్యాయి. రెండు గుంపులూ పైకే చూస్తున్నాయి. గైడు మా జీపును బాగా వెనక్కి నిలిపి, లైటుకు ఎర్ర గాజు తొడిగించాడు. ఆ ఎర్రటి మసక వెలుగులో పిల్ల ఒక్కటే తింటోంది, తల్లి పై కొమ్మ మీద నిద్రలో ఉంది. తొడలు పోయి తేలికైన కళేబరం పంగలో సరిగా కూర్చోవడం లేదు. పిల్ల మెడ పట్టుకుని, నిన్న ఆడిన ఆటే మళ్ళీ ఆడుతూ, గట్టిగా లాగింది.

జారడం చూశాం. ముందు తల, తర్వాత పక్కటెముకలు, ఆకులు విరిగిన చప్పుడు, ఆ వెంటనే దబ్బున నేలమీద. తల్లి కళ్ళు తెరిచి కిందికి దూకే లోపల మూడు దుమ్ములగొండులూ దాని మీద ఉన్నాయి. చిరుత సగం మాను దిగి, గోళ్ళు దిగవేసి, అక్కడే ఆగింది. చెవులు వెనక్కి అణిచి ఒక్క బుస కొట్టింది. దిగి పోరాడితే గాయం కావచ్చు. గాయపడి వేటాడలేకపోతే పిల్లకు కూడా తిండి ఉండదు. అది అంతా లెక్కవేసుకుని ఆగిందని నేను చెప్పలేను గాని, ఆగిన తీరులో తొట్రుపాటు మాత్రం లేదు. దుమ్ములగొండులు ఒకదాన్నొకటి తోసుకుంటూ, కిచకిచ నవ్వినట్టు అరుస్తూ, ఎముకలు పటపటలాడిస్తూ పది నిమిషాల్లో నేల శుభ్రం చేశాయి. ఒకటి తల పట్టుకుని చీకట్లోకి పరుగెత్తింది, మిగతావి దాని వెంటపడ్డాయి.

పంగలో ఒక ముందరికాలూ, దానికి అతుక్కున్న చర్మమూ చిక్కుకుని మిగిలాయి. పిల్ల దాన్ని నాకుతోంది.

"నిన్న నవ్వినందుకు తప్పు నాదేనేమో" అని బావ లుసాకా నుంచి వచ్చాక మొదటిసారి నెమ్మదిగా మాట్లాడాడు. గైడు ఇంజను వేసి, గేటు మూసే వేళయింది అన్నాడు.

ఆరో రోజు

విమానం పదకొండింటికి. సామాను జీపులో వేసుకుని, గైడుకు ఇష్టం ఉండబట్టి, మడుగు మీదుగా చివరిసారి వెళ్ళాం. చింతచెట్టు ఖాళీ. ముందరికాలు ఒకటి పంగలో ఎండి, గిట్ట కిందికి వేలాడుతూ, గాలికి మానుకు తగిలి టకటకమంటోంది. చెట్టు కింద బబూన్లు నాలుగు కూర్చుని చింతకాయలు ఒలుచుకుని తింటున్నాయి. గిట్ట చప్పుడైనప్పుడల్లా ఒకటి తలెత్తి చూసి మళ్ళీ కాయలో పడుతోంది. దుమ్ములో తల్లి అడుగులూ, వాటి పక్కన పిల్ల అడుగులూ నది వైపు వెళ్ళాయి. వాటి మీద దుమ్ములగొండి జాడ ఈసారి కనబడలేదు.

న్యాంజాలో నేర్చుకున్న ఒకే ఒక్క మాట "జికోమో", కృతజ్ఞతలు అని. అది గైడుకు చెబుతుండగా మడుగు అవతల పచ్చికలోంచి పుకు ఈల వినిపించింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. గైడు స్టీరింగు మీద చేయి అలాగే ఉంచి అటు చూశాడు, పుకులన్నీ రెల్లు వైపు ముఖాలు తిప్పి నిలబడ్డాయి. తర్వాత చేతిగడియారం చూసుకున్నాడు. బావ కూడా చూసుకున్నాడు. విమానాశ్రయానికి గంట దారి ఉంది. జీపు వంతెన వైపు తిరిగింది; మలుపు దాటేదాకా ఆ ఈల ఆగలేదు.